కుమారజీవుని జీవితము: కూచా నుండి చాంగాన్ వరకు

భారతదేశమున పుట్టిన భావములు పరదేశములకు వ్యాపించిన తీరును గూర్చి ప్రసంగించునపుడు మనవారు సాధారణముగా గ్రంథములను, మతశాఖలను, రాజదూతలను పేర్కొందురు. ఆ భావములను మోసికొనిపోయిన మనుష్యులు ఎట్టివారు, వారు ఏ దేశమును తమ దేశమనుకొనిరి, ఏ భాష వారికి తల్లిభాష అను ప్రశ్నలు వెనుకబడిపోవుచుండును. క్రీ.శ. నాల్గవ శతాబ్ది నడుమ మధ్యాసియాలోని కూచా నగరమున జన్మించి, ఐదవ శతాబ్ది ఆరంభమున చీనాదేశపు చాంగాన్ నగరమున కన్నుమూసిన కుమారజీవుని విషయమున ఈ ప్రశ్నలను తప్పించుకొనుటకు వీలులేదు. ఆయన తండ్రి భారతీయుడు. తల్లి కూచా రాజు చెల్లెలు. చదువు చెప్పిన గురువులలో ఒకరు కాశ్మీరదేశీయుడు, మరొకరు యార్కండ్ రాజకుమారుడు. ఆయనను పోషించిన ప్రభువు చీనా రాజధానిని ఏలిన అన్యజాతీయుడు. చీనావారు ఆయనను తమ మహానువాదకులలో మొదటి వరుసలో నిలుపుదురు. మనము ఆయనను మనవాడని చెప్పుకొందుము. ఈ రెండు హక్కులును ఎంతెంతవరకు చెల్లునో ఆయన చరిత్రనే అడిగి తెలిసికొనవలెను.

ఆ చరిత్రకు ముఖ్యాధారములు చీనాభాషలోనివే. ఆరవ శతాబ్దిలో సెంగ్‌యౌ, హుయిజావ్ అను ఇరువురు భిక్షువులు వేర్వేరుగా ఆయన జీవితమును వ్రాసిరి. ఏడవ శతాబ్దిలో సంకలితమైన జిన్ రాజవంశ చరిత్రలో కూడ ఆయనకు చోటు దొరికినది. ఇవి భక్తులు వ్రాసిన చరిత్రలు గనుక వీనిలో అద్భుతములకు కొదువలేదు. అయినను వింత యేమనగా, నాయకునకు అపకీర్తి తెచ్చు సంగతులను గూడ ఈ భక్తులు దాచలేదు. ఆయన శిష్యులైన సెంగ్‌రుయి, సెంగ్‌జావ్ మొదలగువారు అనువాదములకు వ్రాసిన పీఠికలు వీనికంటె విలువైన సాక్ష్యములు. అవి కన్నవారు వ్రాసినవి.

కూచా నేటి సిన్‌కియాంగ్‌లో, తక్లమకాన్ ఎడారికి ఉత్తరపు టంచున నున్న ఒయాసిస్సు. పడమటి దేశముల వర్తకులు చీనాకు పోవు దారిలో అది పెద్ద మజిలీ. అచ్చటి ప్రజల భాషను నేటి భాషావేత్తలు తొఖారియన్-బి అని వ్యవహరింతురు. అది సంస్కృతమునకు దూరపు చుట్టమైన ఇండో-యూరోపియన్ భాష. ఇరువదవ శతాబ్ది ఆరంభమున దొరికిన వ్రాతప్రతులలో అది బ్రాహ్మీలిపిలో వ్రాయబడియున్నది. మఠములలో పాఠము సంస్కృతమున జరిగెడిది. ఇట్టి యూర రెండు మూడు భాషలు వినుచు పెరుగుట చిన్నబిడ్డకు వింత కాదు.

తండ్రి కుమారాయణుడు మంత్రిపదవి వంశపారంపర్యముగా వచ్చుచున్న ఇంట పుట్టెను. ఆ పదవి తన కందవలసిన సమయమున దానిని వలదని విడిచి, పామీరు కొండలు దాటి కూచా చేరెను. రాజు ఆయనను ఎదుర్కొని తోడితెచ్చి రాజగురువుగా నిలుపుకొనెను. రాజు చెల్లెలు జీవ అను నామె బుద్ధిశాలిని. అనేక దేశముల నుండి వచ్చిన సంబంధములను కాదన్న యామె ఈ పరదేశిని వరించెను. సన్న్యాసమునకు సిద్ధపడి యిల్లు వదలినవాడు బలవంతముమీద గృహస్థుడయ్యె నని చరిత్రకారులు సూచింతురు. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కొడుకు జీవితమున ఇది మరింత కఠినముగా తిరిగివచ్చును. పుట్టిన బిడ్డకు తండ్రి పేరును తల్లి పేరును కలిపి కుమారజీవుడని పేరిడిరి. జననము 344లో నని యొక లెక్క, 350లో నని మరియొక లెక్క.

మరియొక కొడుకు పుట్టిన తరువాత తల్లి భిక్షుణి కాదలచెను. భర్త ఒప్పుకొనలేదు. ఆమె అన్నము మాని పట్టుపట్టి తుదకు అనుమతి పొందెను. ఏడవయేట కుమారజీవుడును ఇల్లు వదలెను. తొమ్మిదవయేట తల్లి వాని వెంటబెట్టుకొని సింధునది దాటి కాశ్మీరమునకు వచ్చెను. చీనా గ్రంథములలో ఈ దేశము పేరు జీబిన్. ఆ పేరు ఒకప్పుడు కాశ్మీరమునకు, ఒకప్పుడు గాంధారమునకు చెల్లెను గనుక సరిహద్దులను గట్టిగా గీయరాదు. అచ్చట రాజుకు దాయాదియైన బంధుదత్తుడు ఆయన గురువు. సర్వాస్తివాదుల ఆగమములు పాఠ్యము. రాజసభలో అన్యమతపండితులతో వాదమున ఈ బాలుడు గెలిచెనట. వారు చిన్నవాడని తేలికగా చూచి మాట జారిన సందున పట్టుకొని ఓడించెనట. రాజు సంతోషించి ప్రతిదినము బియ్యము, పిండి, నేయి, ఎండబెట్టిన బాతుమాంసము పంపించెననియు, సేవకు భిక్షువులను శ్రామణేరులను నియమించెననియు చెప్పుదురు. ఎండు బాతు సంగతి అద్భుతములు వ్రాయువాడు కల్పించునది కాదు. నాటి మఠాహారమును గూర్చి ఎవరో చూచి చెప్పిన మాటవలె నున్నది.

పండ్రెండవయేట తిరుగుప్రయాణము. త్రోవలో ఒక అర్హతుడు తల్లితో, ఈ బాలుడు ముప్పదియైదేండ్ల వరకు శీలము చెడక యున్నచో మరియొక ఉపగుప్తుడగుననియు, చెడెనేని నేర్పుగల ధర్మోపదేశకుడు మాత్రమే యగుననియు చెప్పెనని యొక కథ గలదు. జరిగిన తరువాత పుట్టిన భవిష్యవాణి యిది. అయినను ఆయనను గూర్చి సమకాలికుల మనస్సులో నాటిన సందేహము ఎట్టిదో దీనివలన తెలియును.

కాష్‌గర్‌లో ఆ తల్లీకొడుకులు ఒక యేడు నిలిచిరి. అచ్చట బుద్ధుని భిక్షాపాత్రయని చెప్పబడు దానిని బాలుడు శిరస్సుపై నుంచుకొనెను, బరువు తోచలేదు. ఇంత పెద్ద పాత్ర ఇంత తేలికయేమి యని తలచినంతనే అది మోయరానిదయ్యెను. కారణమేమని తల్లి యడుగగా, తన మనస్సున భేదబుద్ధి కలిగినది గనుకనే పాత్రకు తేలికయు బరువును కలిగినవని చెప్పెనట. కథ కల్పితమే కావచ్చును. కాని ఆయన తరువాత నేర్చి నేర్పిన శాస్త్రమునకు దీనికంటె సుబోధమైన ప్రవేశిక దుర్లభము.

ఆ శాస్త్రము కాష్‌గర్‌లోనే లభించినది. అచ్చట ఆయన వేదములను, పంచవిద్యలను చదివెను. కాశ్మీరమునుండి వచ్చిన బుద్ధయశుని కడ పాఠము వినెను. యార్కండ్ రాజకుమారుడై భిక్షువైన సూర్యసోముని కలిసికొనెను. సూర్యసోముడు మహాయాని. ధర్మములన్నియు శూన్యములని ఆయన చెప్పగా, కుమారజీవుడు మొదట ఎదిరించి, పలుమార్లు వాదించి, తుదకు లొంగెను. ఇంతకాలము బంగారమెరుగక ఇత్తడినే వింతగా చూచుచుంటినని ఆయన వగచినట్లు చెప్పుదురు. పిమ్మట నాగార్జునుని మధ్యమకకారికలను, ద్వాదశముఖశాస్త్రమును, ఆర్యదేవుని శతశాస్త్రమును అభ్యసించెను.

ఇచ్చట తెలుగుపాఠకుడు ఒక క్షణము నిలువవచ్చును. కుమారజీవుని పేర చీనాభాషలో నున్న నాగార్జునచరిత్ర ఆ ఆచార్యుని దక్షిణభారత బ్రాహ్మణునిగా చెప్పుచున్నది. నాగార్జునకొండ పేరునుబట్టి మాత్రమే ఆయన నివాసమును నిర్ణయించుట తొందరపాటు. కాని ఆ లోయలో, ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యవర్షమున బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనము కాశ్మీర, గాంధార, చీన, యవన, ద్రావిడాది దేశములలో ధర్మప్రసాదము కల్గించిన సింహళదేశపు ఆచార్యులను స్మరించుచున్నది. మూడవ శతాబ్దిలో కృష్ణాతీరమున ఒక గృహిణి దానశాసనములో కాశ్మీరము, చీనా పక్కపక్కన కానవచ్చుట ముఖ్యము. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిగిన ఆ లోయ ఇప్పుడు సాగరజలములలో మునిగియున్నది. దక్షిణాపథమున పుట్టిన వాదము నూటికి పైచిలుకు ఏండ్లలో కాష్‌గర్ చేరి యార్కండ్ రాజకుమారుని నోట కూచా బాలునికి అందుట ఆ శాసనపు భూగోళమును చూచినవారికి వింతగా తోచదు.

ఇరువదవయేట కుమారజీవుడు కూచా రాజభవనమున ఉపసంపద పొందెను. విమలాక్షుని కడ సర్వాస్తివాదుల వినయమును చదివెను. తల్లి కూచా విడిచి భారతదేశమునకు వెళ్లిపోయెను. మహాయానమును తూర్పుదేశమున వెల్లడించుట నీ వలననే కావలెను గాని దానివలన నీకు లాభము కలుగదని ఆమె కొడుకును హెచ్చరించెనట. పరులకు మేలగునేని తన దేహము కుంపటిలో మ్రగ్గినను చింతలేదని ఆయన బదులు చెప్పెనట. తల్లీకొడుకులు మరల కలిసికొన్నట్లు ఎచ్చటను లేదు. తండ్రి భారతదేశము విడిచి కూచాకు వచ్చెను. తల్లి కూచా విడిచి భారతదేశమునకు పోయెను. కొడుకు రెండింటికిని దూరమై తూర్పుగా సాగవలసివచ్చెను.

దానికి ముందు చెప్పదగిన ముచ్చట ఒకటి గలదు. కాశ్మీరమునుండి బంధుదత్తుడు కూచాకు వచ్చెను. శిష్యుడు గురువునకు మహాయానమును బోధింప పూనెను. గురువు ఒక పిచ్చివాని కథతో ఎగతాళి చేసెను: ఆ పిచ్చివాడు సాలెవానిని మిక్కిలి సన్నని నూలు వడకుమని వేధింపగా, సాలెవాడు విసిగి శూన్యాకాశమును చూపి ఇదే ఆ నూలు, నేర్పరులకును కానరానంత సన్నని దనెను; పిచ్చివాడు మురిసి ధనమిచ్చెను. నీ శూన్యము ఇట్టిదే యని గురువు మాట. శిష్యుడు ఉపమలమీద ఉపమలు చెప్పి, నెల దాటినంతవరకు వాదించి, గురువును ఒప్పించెను. నీవు నాకు మహాయానగురువు, నేను నీకు హీనయానగురువు నని బంధుదత్తుడు వందనము చేసెనట. గెలుపు కథ చెప్పువారు ఓడినవాని చక్కని హాస్యమును గూడ కాపాడుట వారి నిజాయితీకి గురుతు.

ఈ కీర్తియే ఆయనకు చెరసాల తలుపు తెరచినది. ఉత్తరచీనా నాడు చీనాజాతీయుల చేతిలో లేదు. చాంగాన్‌ను ఏలుచుండిన ఫూ జియన్ దీ తెగకు చెందినవాడు. 379లో ఆయన షియాంగ్‌యాంగ్ పట్టణమును ముట్టడించి పట్టుకొని, అచ్చటి మహాపండితుడగు దావో-అన్‌ను రాజధానికి తెప్పించుకొనెను. దావో-అన్‌కు సంస్కృతము రాదు. అయినను చీనాలో అనువాదసమస్యలను శాస్త్రీయముగా మొదట పరిశీలించినవాడు ఆయనయే. మూలమును విడువక తప్పని సందర్భములు ఐదనియు, దాటరాని కష్టములు మూడనియు ఆయన లెక్కించెను. ఆయనయే కుమారజీవుని పిలిపింపుమని రాజును ప్రోత్సహించెను. రాజకీయకారణములును తోడై, 382లో ఫూ జియన్ తన సేనాని ల్యూ గ్వాంగ్‌ను పడమటి దండయాత్రకు నియమించెను. 384లో కూచా పడిపోయెను. దావో-అన్ మరుసటి యేడే మరణించెను. పిలిచినవానిని ఆ వచ్చినవాడు చూడనేలేదు.

సేనాని మొరటువాడు. ఎదుట నిలిచినవాడు ఇంకను యువకుడు. మర్యాద తెలియని సేనాని ఆయనను పరిహాసమునకు గురిచేసెను. ఎద్దునెక్కించి, పొగరుబోతు గుర్రమునెక్కించి పడద్రోయించెను. కూచా రాజపుత్రికను పెండ్లాడుమని నిర్బంధించెను. ఆయన వేడుకొని నిరాకరింపగా, నీ తండ్రికంటె నీవు గొప్పవాడవా యని దెప్పి, మద్యము త్రాగించి, ఇరువురను ఒక గదిలో నిర్బంధించెను. శీలభంగము అట్లు జరిగెను. ఈ అవమానములను ముఖమున వికారము లేక ఆయన సహించెననియు, తుదకు సేనానియే సిగ్గుపడి మానెననియు చరిత్రకారులు వ్రాసిరి. ఆ రాజపుత్రిక యేమనుకొనెనో ఎవరును వ్రాయలేదు.

383లో ఫెయ్ నదీయుద్ధమున ఓడిన ఫూ జియన్ 385లో హతుడయ్యెను. తిరిగివచ్చుచున్న ల్యూ గ్వాంగ్‌కు చేరవలసిన రాజు లేకపోయెను. ఆయన గూజాంగ్ అను నేటి వూవెయ్ పట్టణమున తానే రాజ్యము స్థాపించుకొనెను. కుమారజీవుడు అచ్చట పదునారేండ్లకు పైగా నిలిచిపోయెను. ల్యూ వంశీయులకు ధర్మముతో పనిలేదు. వారు ఆయనను శకునములు చెప్పువానిగా వాడుకొనిరి. గాలి వీచిన నేమగును, తిరుగుబాటు అణగునా అని అడుగుచుండిరి. శాస్త్రపండితునకు ఇంతకంటె శిక్ష లేదు. కాని ఈ వ్యర్థకాలముననే ఆయన చీనాభాషను నేర్చెను. అంతఃపురపు భాషను గాక సరిహద్దుపట్టణపు భాషను, సైనికుల నోటి మాటను, వర్తకుల లెక్కల భాషను విని నేర్చెను. అంతకు ముందు వచ్చిన అనువాదకులు పలువురు దుబాసీల చేతిలో నుండిరి. గూజాంగ్ ఆయనకు ఆ దాస్యమును తప్పించినది. ఈ పదునారేండ్లను నష్టముగా మాత్రమే లెక్కించు పద్ధతి నాకు సమ్మతము కాదు.

గూజాంగ్‌లోనే ఆయనకు ఒక శిష్యుడు దొరికెను. సెంగ్‌జావ్ బీదయింటి పిల్లవాడు. గ్రంథములకు ప్రతులు వ్రాసి పొట్టపోసికొనెడివాడు. లావోజి, జ్వాంగ్‌జి గ్రంథములపై మక్కువ గలవాడు. విమలకీర్తినిర్దేశపు పాత అనువాదము చదివి భిక్షువై, పండితుని పేరు విని అంతదూరము నడచివచ్చెను.

401లో చాంగాన్‌ను ఏలుచుండిన చ్యాంగ్ తెగవాడగు యావ్ షింగ్ సేనను పంపి గూజాంగ్‌ను లొంగదీసెను. ఆ సంవత్సరాంతమున, మన లెక్కలో 402 ఆరంభమున, కుమారజీవుడు చాంగాన్ చేరెను. రాజు రాజగురువుగా గౌరవించి షియావోయావ్ అను ఉద్యానమున అనువాదసభ నెలకొల్పెను. ఇది చీనాలో మొట్టమొదటి అనువాదసభ కాదు. కాని ఇంత పెద్దదియు ఇంత ఫలవంతమైనదియు అంతకు ముందు లేదు.

పంచవింశతిసాహస్రికా ప్రజ్ఞాపారమిత అనువాదము 403లో మొదలై 404లో సవరణలతో ముగిసెను. ఆ సభ జరిగిన తీరును సెంగ్‌రుయి పీఠిక వర్ణించుచున్నది. కుమారజీవుడు సంస్కృతమూలమును చేతపట్టి నోట చీనాభాషలో అర్థము చెప్పుచుండెను. రాజు స్వయముగా పాత అనువాదమును చేతపట్టి పోల్చిచూచుచుండెను. ఐదువందలకు పైగా భిక్షువులు కూర్చుండి అర్థమును చర్చించిన పిమ్మట వ్రాయసకాండ్రు వ్రాసిరి. వ్రాసినదానిని మరల సరిచూచిరి. శాస్త్రగ్రంథము అనువాదమగుచుండగా దానివెలుగులో సూత్రమును మరల దిద్దిరి. పారిభాషికపదములలో స్కంధ, ఆయతనాదులకు పాతమాటలను తొలగించి క్రొత్తమాటలు నిలిపిరి. చీనాభాషలో సరిపడు మాట లేనిచోట సంస్కృతశబ్దమునే ఉంచిరి. ఒంటరి కవి గదిలో కూర్చుండి చేసిన పని కాదిది. నన్నయభట్టు భారతరచనకు నారాయణభట్టు తోడ్పడెనని చదువుకొన్న మనకు అనువాదము సహకారకృత్యమను మాట క్రొత్తది కాదు. కాని ఐదువందలమంది సభ యనగా మరియొక కొలత.

పాత అనువాదకుల కాలమున బౌద్ధభావములను తావోవాదపు మాటలతో జోడించి చెప్పు అలవాటుండెను. దానికి గేయీ అని పేరు. ఆధునికపరిశోధకులు కొందరు ఆ పేరు సంఖ్యాపట్టికల జోడింపునకు మాత్రమే చెల్లుననియు, దానిని ఒక యుగమునకంతటికి అంటగట్టుట తగదనియు సహేతుకముగా చెప్పుచున్నారు. ఏమైనను సెంగ్‌రుయి ఆ పద్ధతి మూలమునకు దూరమైనదని స్పష్టముగా వ్రాసెను. ఇంటి మాటలలో ఒదిగిపోయిన అతిథి ఇంటివానివలెనే కనిపించును. అతడు చెప్పవచ్చిన క్రొత్తసంగతి వినిపించదు. శూన్యతను లావోజి చెప్పిన లేమిగా గాక నాగార్జునుని వాదముగా వినుట చీనా విద్వాంసులకు అప్పుడే సాధ్యపడినది.

సద్ధర్మపుండరీకము 406లో అనువదింపబడెను. దానికి ధర్మరక్షుడు 286లో చేసిన అనువాదము అప్పటికే యుండెను. దానిలో దేవతలును మనుష్యులును ఒకరినొకరు చూచుటను గూర్చిన వాక్యము కలదు. ధర్మరక్షుడు దానిని మాటకు మాటగా తిప్పెను. అర్థము మూలమునకు సరిపోవుచున్నది గాని మాట మోటుగా నున్నదని కుమారజీవుడు సంకోచించెను. రెండులోకములకు రాకపోకలు కలిగి పరస్పరదర్శనము సాధ్యమగునని భావము వచ్చునట్లు సెంగ్‌రుయి ఒక పలుకు సూచింపగా, ఆయన సంతోషించి గ్రహించెను. ఆ గ్రంథమున బోధిసత్త్వుని పేరును ఆయన లోకధ్వనిని చూచువాడను అర్థముతో అనువదించెను. రెండు శతాబ్దులు గడచిన పిమ్మట హ్యుయన్‌త్సాంగ్ అది తప్పనెను. ఆయన ప్రతిలో అవలోకితేశ్వర అని యుండెను. కాని మధ్యాసియాలో దొరికిన ప్రాచీనపత్రములలో అవలోకితస్వర అను రూపమే కానవచ్చినది. కుమారజీవుడు తన యెదుటి పాఠమును సరిగానే చదివెను.

అదే 406లో విమలకీర్తినిర్దేశము, 404లో శతశాస్త్రము, 409లో మధ్యమకశాస్త్రము ద్వాదశముఖశాస్త్రము వెలువడెను. నాగార్జునుని పేర నున్న ప్రజ్ఞాపారమితావ్యాఖ్య నూరు సంపుటములు. అందు మొదటి ప్రకరణమునకు మాత్రమే పూర్తి అనువాదము. మిగిలినదానిని చీనావారు సంక్షేపమునే కోరుదురని కుదించెను. కుదింపనిచో పదిరెట్లు పెరిగెడిదని సెంగ్‌రుయి చెప్పును. ఆ వ్యాఖ్య నిజముగా నాగార్జునకృతమేనా యను సందేహమును లామోత్ మొదలగు పండితులు లేవదీసిరి. కుమారజీవుడు చెప్పుచు పోయిన వివరణములు కొన్ని అందు చేరియుండుట అసంభవము కాదు.

ఆయన చీనాభాషాపాండిత్యము నిర్దుష్టమని శిష్యులే చెప్పలేదు. స్థూలముగా తెలిసినను నుడికారపు సూక్ష్మములు ఆయనకు అందలేదని సెంగ్‌రుయి దాపరికము లేక వ్రాసెను. ఆయనకును ఆ లోటు తెలియును. సెంగ్‌జావ్ ప్రజ్ఞనుగూర్చి వ్రాసిన ప్రబంధమును చదివి, అవగాహనలో నీకు తీసిపోను గాని మాటకూర్పులో నీకు చేతులు జోడింపవలసినదే యని గురువు మెచ్చుకొనెను. సంస్కృతమునకు కూడ ఆయన న్యాయము చేయలేకపోతినని నొచ్చుకొనెను. భారతదేశమున స్తోత్రములకు ఛందస్సు, గేయత ముఖ్యములు. అనువాదమున అర్థము దక్కినను ఆ లయ పోవును. అన్నమును నమిలి మరొకరికి పెట్టినట్లగును, రుచి పోవుటయే గాక ఏవము పుట్టునని ఆయన చెప్పినట్లున్నది. అనువాదమునకు ఇంతకంటె నిర్దాక్షిణ్యమైన ఉపమ నేను చదువలేదు. చెప్పినవాడు ఆ పనిలో అందరికంటె సమర్థుడు.

రాజు భక్తుడే. కాని ఇట్టి మేధ సంతానము లేక నశింపరాదని ఆయనకు తోచెను. పదిమంది స్త్రీలను నియమించి స్వీకరింపుమని నిర్బంధించెను. అప్పటినుండి కుమారజీవుడు భిక్షువిహారము విడిచి వేరింట కాపురముండెను. ల్యూ గ్వాంగ్ ద్వేషముతో చేసినదానిని యావ్ షింగ్ ప్రేమతో చేసెను, ఫలము ఒక్కటే. ఉపన్యాసమునకు ముందు ఆయన సభతో, బురదలో తామర పుట్టును, మీరు తామరను గ్రహింపుడు, బురదను గ్రహింపకుడని చెప్పెడివాడట. ఇతర భిక్షువులు అనుకరింప మొదలిడగా, సూదులను మ్రింగి చూపి, ఇది చేయగలవారే అది చేయవచ్చునని అణచెనను కథ జిన్ చరిత్రలో గలదు. ఆ కథకంటె 406లో జరిగిన సంభాషణ నమ్మదగినది. ఒకప్పుడు వినయము నేర్పిన విమలాక్షుడు చాంగాన్‌కు వచ్చెను. శిష్యుడు సాగిలి మ్రొక్కెను. నీకెందరు శిష్యులని ఆయన యడిగెను. శీలభంగపు సంగతి ఆయనకు తెలియదు. మూడువేలమంది తన కడ ధర్మము వినుచున్నారు గాని తన పూర్వకర్మ భారమువలన గురువునకు తగిన మర్యాదను తాను గ్రహింపజాలనని కుమారజీవుడు బదులుచెప్పెను. బుద్ధయశుడు ఆ వార్త విని, శ్రేష్ఠమైన దూదిని ముండ్లపొదలోనికి త్రోసిరిగదా యని నిట్టూర్చెను.

విధి మరొక్క పని చేసెను. చీనాభాషలో మొట్టమొదటి సంపూర్ణ వినయపిటకము, సర్వాస్తివాదులది, ఆయన చేతిమీదుగనే వచ్చెను. 404లో పుణ్యతరుడు కంఠస్థముగా చెప్పుచుండగా అనువాదము సాగెను. మూడింట రెండుపాళ్లు ముగిసినంతనే పుణ్యతరుడు మరణించెను. మరుసటి యేట ధర్మరుచి గ్రంథము తెచ్చి ముగింపునకు తోడ్పడెను. శీలము కోల్పోయినవాడు చీనా భిక్షువులకు శీలనియమములను తెచ్చియిచ్చెను.

సొంతముగా వ్రాయుమని అడిగినవారు లేకపోలేదు. మహాయానాభిధర్మమును తాను వ్రాసినచో కాత్యాయనీపుత్రుని మించగలననియు, కాని ఈ దేశమున దానిని తెలియగల వారు అరుదనియు, తనకు రెక్కలు విరిగినట్లున్నదనియు ఆయన వాపోయెను. రాజుకొరకు తత్త్వమును గూర్చి వ్రాసిన రెండు సంపుటముల చిన్నగ్రంథము నశించినది. దక్షిణమున లూషాన్ కొండపై నుండిన హుయియువన్‌తో జరిపిన ప్రశ్నోత్తరములు మాత్రము పదునెనిమిది ప్రకరణములుగా నిలిచినవి. ఆ ప్రశ్నలు ధర్మకాయమునకు స్థిరమైన స్వరూపముండునా యను వైపునకు మరల మరల వచ్చును. ప్రశ్నించువాని మనస్సున చీనాచింతనలోని నిత్యతత్త్వము కదలుచుండును. ఉత్తరమిచ్చువాడు దానిని నిలుపనీయక కరగించుచుండును. చాంగాన్ వెలుపల ఆయన నిజమైన వాదప్రతివాదము చేయగలిగిన చోటు ఈ ఉత్తరములే.

లోపలి విషయము అంత హాయిగా లేదు. ధ్యానాచార్యుడగు బుద్ధభద్రుడు చాంగాన్‌కు వచ్చినపుడు ఇరువురును ఆదరముతో చర్చించిరి. కాని రాజాశ్రయమున వర్ధిల్లిన భిక్షువులు బుద్ధభద్రుని శిష్యులపై నిందలు మోపి ఆ ఆచార్యుని పట్టణమునుండి వెడలగొట్టిరి. కుమారజీవుడు అడ్డుపడినట్లు కానరాదు. పరదేశిగా తాను పడిన బాధ ఎరిగినవాడు మరొక పరదేశి విషయమున మౌనము వహించుట ఆయన చరిత్రలో ఒక వెలితి. రాజు పోషణమునందున్న పెద్దసంఘమునకు ఆయన ఎంతవరకు అధిపతియో ఎంతవరకు బందీయో తేల్చుట కూడ ఈ సందర్భమున అవసరము.

మరణము 409లో నని హుయిజావ్ వ్రాసెను. సెంగ్‌జావ్ పేర నున్న స్మృతిలేఖ 413 అని, డెబ్బదియేండ్ల వయస్సని చెప్పును. హరివర్మకృతమగు సత్యసిద్ధిశాస్త్రమును 411, 412 సంవత్సరములలో అనువదించినట్లు తెలియుటచే రెండవ లెక్కయే సమంజసముగా నున్నది. అంత్యసమయమున ఆయన సభవారితో తాను అనువదించినదానిలో తప్పు లేకున్నచో దహనమున తన నాలుక కాలకుండుగాక యని చెప్పెననియు, అట్లే జరిగెననియు ప్రతీతి. వూవెయ్‌లోని స్తూపమొకటి ఆ నాలుకకు నిలయమని నేటికిని చెప్పుదురు. దేహమంతయు ఇతరుల చేతిలో పడిన మనుష్యుని విషయమున లోకము నాలుకను మాత్రము మిగుల్చుకొన్నది.

ఆయన అనువాదములను సెంగ్‌యౌ ముప్పదియైదు గ్రంథములు, 294 సంపుటములుగా లెక్కించెను. ఎనిమిదవ శతాబ్దిలోని పట్టిక డెబ్బదినాలుగు గ్రంథములుగా పెంచినది. 417లో చాంగాన్ దక్షిణరాజుల సేనలకు లొంగగా శిష్యులు చెదరిపోయిరి. మధ్యమకాదిగ్రంథములు మూడును త్రిశాస్త్రసంప్రదాయమునకు మూలమయ్యెను. దానికి పరమాచార్యుడగు జీజాంగ్ (549-623) తండ్రివంకన పారసీకసంతతివాడు. కొరియాదేశీయుడగు హ్యేగ్వాన్ 625లో దానిని జపానుకు చేర్చెను. హ్యుయన్‌త్సాంగ్ వజ్రచ్ఛేదికను, విమలకీర్తినిర్దేశమును మరింత యథామూలముగా మరల అనువదించినను చీనా జనులు చదువుటకు కుమారజీవుని పాఠమునే విడువలేదు. డున్‌హ్వాంగ్ గుహలో దొరికిన, తేదీగల ముద్రితగ్రంథములలో అతిప్రాచీనమైన 868 నాటి వజ్రచ్ఛేదిక ఆయన పాఠమే.

శతశాస్త్రము, ద్వాదశముఖము, సత్యసిద్ధి సంస్కృతమున నశించినవి. చీనాభాషలో మాత్రమే నిలిచినవి. ఇరువదవ శతాబ్దిలో ఎన్. అయ్యస్వామిశాస్త్రి ద్వాదశముఖమును, సత్యసిద్ధిని చీనాభాషనుండి సంస్కృతమునకు మరల తెచ్చిరి. సత్యసిద్ధి సంస్కృతపాఠము 1975లో బరోడా ప్రాచ్యగ్రంథమాలలో అచ్చుపడెను. కాశ్మీరమునుండి కూచా, కూచానుండి గూజాంగ్, చాంగాన్‌ల మీదుగా వెళ్లిన గ్రంథము అట్లు పదునైదు శతాబ్దుల పిమ్మట తన మొదటి భాషను తిరిగి తొడుగుకొనెను.